చెరకుతోటలో జీపు

ముందు నేల అదురుతుంది. చప్పుడు ఆ తర్వాత వస్తుంది.

1965 సెప్టెంబరు 10, శుక్రవారం. ఉదయం ఎనిమిది కావస్తోంది. పంజాబ్‌లో ఖేమ్ కరణ్ నుంచి భిఖివిండ్ వెళ్లే రోడ్డు పక్కన, చీమా అనే ఊరి ముందు ఒక చెరకుతోట. అందులో ఆగి ఉన్న జీపు పక్కన మీరు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నారు. చెరకు మీ నెత్తికి పైన ఇంకో రెండు మూరలు ఉంది. ఆకు అంచు మెడకు తగిలిన ప్రతిసారీ సన్నగా కోసుకుపోతోంది. వానలు ఇంకా పూర్తిగా పోలేదు. చొక్కా అప్పుడే వీపుకు అతుక్కుపోయింది. మీకు ఇక్కడ చేయాల్సిన పనేమీ లేదు. తుపాకి లేదు, యూనిఫాం లేదు. చూడడం ఒక్కటే మీ పని.

జీపులో ఉన్న మనిషి మీ వైపు చూడడు. ముప్పై రెండేళ్లవాడు. కుస్తీ పట్టిన ఒళ్లని భుజాలే చెబుతున్నాయి. పేరు అబ్దుల్ హమీద్. హోదా కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్. ఆ హోదా ఉన్నవాడు మామూలుగా ఇక్కడ ఉండకూడదు. కంపెనీకి కావాల్సిన బూట్లు, దుప్పట్లు, పిండి, పప్పు, తూటాలు లెక్కగట్టి పంచేవాడు అతను. యుద్ధం జరుగుతుంటే అతని చోటు లారీ దగ్గర, వంటపొయ్యి దగ్గర, సామాన్ల చిట్టా దగ్గర. కానీ హమీద్‌కి అంతకుముందు కొన్నేళ్లపాటు వేరే పని ఉండేది. ట్యాంకుల్ని కొట్టే తుపాకి దళంలో ఉండేవాడు. 4 గ్రెనేడియర్స్ బెటాలియన్‌లో ఆ తుపాకి మీద అతనంత గురి ఉన్నవాడు లేడని పేరు. యుద్ధం మీద పడగానే సరుకుల చిట్టా పక్కనపెట్టించి మళ్లీ తుపాకి దగ్గరికి పిలిచారు.

ఆ తుపాకిని కాస్త దగ్గరగా చూడండి. ఇవాళ జరగబోయేదంతా దాని స్వభావం మీదే ఆధారపడి ఉంది.

జీపు మీద ముందు నుంచి వెనక దాకా పరుచుకుని ఉన్న పదకొండడుగుల గొట్టం. పేరు 106 మిల్లీమీటర్ల రీకాయిల్‌లెస్ గన్. జవాన్లు ఆర్‌సీఎల్ అంటారు. మామూలు ఫిరంగి పేలితే వెనక్కి తంతుంది. ఆ తన్నుకు తట్టుకోవాలంటే టన్నుల బరువున్న దిమ్మ కావాలి, చక్రాలు కావాలి, లాగడానికి లారీ కావాలి. ఇది తన్నదు. దీని తూటా తొడుగు నిండా చిల్లులుంటాయి. మందు అంటుకోగానే వాయువులో చాలా భాగం ఆ చిల్లుల్లోంచి బయటికొచ్చి, గొట్టం వెనక భాగం నుంచి దూసుకుపోతుంది. ముందుకు గుండు, వెనక్కి మంట. రెండూ ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. అందుకే రెండు వందల కిలోల పైచిలుకు తుపాకిని ఒక మామూలు జీపు మీద బిగించగలిగారు.

గొట్టం మీద ఇంకో సన్నటి తుపాకి ఉంది చూడండి. అది గురి చూసుకోవడానికి. దాని తూటా ఎక్కడ తగిలితే అక్కడ మెరిసి, చిన్న పొగ లేస్తుంది. ఆ పొగ ట్యాంకు ఒంటి మీదే లేచిందంటే లెక్క కుదిరినట్టే. వెంటనే పెద్ద తుపాకి పేల్చాలి. రెండింటికీ మీట ఒకటే. లాగితే చిన్నది పేలుతుంది, నొక్కితే పెద్దది. కాల్చేవాడి చేతిలో ఉన్న విద్యంతా ఆ లాగడానికీ నొక్కడానికీ మధ్య ఉన్న క్షణాల్లో ఉంటుంది. ట్యాంకు ఆ క్షణాల్లో కదిలిపోవచ్చు. దాని గొట్టం మన వైపు తిరగనూ వచ్చు.

ఇక దీనికున్న పెద్ద లోపం. వెనక్కి పోయే ఆ మంట ఊరుకోదు. నేలమీది దుమ్మునంతా లేపుతుంది. ఆకులు మాడిపోతాయి. ఒక్కసారి పేలిందంటే చుట్టుపక్కల కిలోమీటరు దూరంలో కళ్లున్న ప్రతివాడికీ జీపు ఎక్కడుందో తెలిసిపోతుంది. అందుకని ఈ తుపాకివాళ్లకి ఒకటే సూత్రం నేర్పుతారు: కొట్టు, అక్కడినుంచి కదులు. జీపుకు ఇనుప కవచం లేదు. అద్దం కూడా సరిగ్గా లేదు. దాన్ని కాపాడేది మొదట చెరకు, ఆ తర్వాత డ్రైవరు కాలు.

అటువైపు నుంచి వస్తున్నవేమో పాటన్ ట్యాంకులు. ఒక్కొక్కటీ దాదాపు 45 టన్నులు. 90 మిల్లీమీటర్ల ఫిరంగి, మెషిన్‌గన్‌లు, లోపల నలుగురు మనుషులు. అమెరికా పాకిస్తాన్‌కి ఇచ్చిన ఈ ట్యాంకుల గురించి అప్పట్లో చెప్పుకోని కథ లేదు. వాటిని ఆపే ఆయుధం భారత సైన్యం దగ్గర లేదనే మాట అప్పట్లో బాగా వినిపించేది. తమాషా ఏమిటంటే హమీద్ చేతిలో ఉన్న తుపాకి నమూనా కూడా అమెరికాదే.

*

ఈ ఉదయం దాకా ఏం జరిగిందో తెలియకపోతే ఈ చెరకుతోట అర్థం కాదు.

సెప్టెంబరు 6న భారత సైన్యం పంజాబ్ సరిహద్దు దాటింది. ఖేమ్ కరణ్ వైపు నుంచి వెళ్లిన 4వ మౌంటెన్ డివిజన్‌కి మొదటి రోజే ఎదురుదెబ్బ తగిలింది. మరుసటి రోజుకి వెనక్కి రావాల్సి వచ్చింది. ఆ డివిజన్ గుర్తు ఎర్ర గద్ద. రెండో ప్రపంచ యుద్ధంలో ఆఫ్రికాలో, ఇటలీలో పేరు తెచ్చుకున్న గద్ద అది. కానీ మూడేళ్ల కిందట, 1962లో, ఈశాన్య కొండల్లో చైనా చేతిలో చెదిరిపోయిందీ ఆ డివిజనే. హమీద్ బెటాలియన్ అప్పుడు నామ్‌కా చూ లోయలో ఉంది. ఆ అక్టోబరులో సరైన చలి బట్టలు కూడా లేకుండా నిలబడ్డవాళ్లలో వీళ్లూ ఉన్నారు. ఇప్పుడు మళ్లీ అదే డివిజన్, మళ్లీ వెనకడుగు. డివిజన్ అధిపతి మేజర్ జనరల్ గుర్‌బక్ష్ సింగ్‌కి ఆ రాత్రి నిద్ర ఎలా పట్టిందో మీరే ఊహించుకోండి.

నిలబడడానికి ఎంచుకున్న చోటు అసల్ ఉత్తర్ అనే ఊరు. చీమా దానికి చేరువలోనే ఉంది. గుర్రపు నాడా ఆకారంలో బలగాల్ని పరిచారు. నాడా నోరు శత్రువు వైపు. లోపలికి రానిచ్చి మూడు వైపుల నుంచీ కొట్టాలని పథకం. గ్రెనేడియర్లు 7వ తేదీ అర్ధరాత్రి వేళకి తమ చోటికి చేరి, తెల్లారేలోగా మూడడుగుల కందకాలు తవ్వుకున్నారు. మూడడుగులంటే నిలబడితే నడుం దాకా. ట్యాంకు మీదికొస్తే అందులో ముడుచుకోవాలి, అంతే.

8వ తేదీ పొద్దున ఏడున్నర ప్రాంతంలో మొదటి మోత వినిపించింది. హమీద్ జీపు ఇలాంటి చెరకులోనే, ఒక సన్నటి దారి పక్కన పొంచి ఉంది. ముందొచ్చిన ట్యాంకుని చాలా దగ్గరికి రానిచ్చి కొట్టాడు. అది భగ్గుమంది. దాని వెనకే వస్తున్న రెండింటిలోని మనుషులు ట్యాంకుల్ని అక్కడే వదిలేసి పరుగెత్తారు. ఇంజన్లు ఇంకా తిరుగుతూనే ఉన్న ట్యాంకులవి. కందకాల్లోని జవాన్లు తలలెత్తి చూశారు. పాటన్‌ని ఆపలేమన్న మాట ఆ పూటతో పోయింది. యుద్ధంలో ఇలాంటి మార్పు ఏ లెక్కలోకీ ఎక్కదు. కానీ ఆ తర్వాతి రెండు రోజులు ఆ కందకాలు ఖాళీ కాకపోవడానికి కారణాల్లో అదొకటని నా నమ్మకం.

ఆ రాత్రుల్లో ఇంకో పని జరిగింది. కాలవ గట్లకి గండ్లు కొట్టి పొలాల్లోకి నీళ్లు వదిలారు. ఇంజనీర్లు మందుపాతరలు నాటారు. పంజాబ్ నేల గట్టిదేమీ కాదు, ఒండ్రు. నీళ్లు తాగాక 45 టన్నుల బరువుని మోయలేదు. రోడ్డు వదిలి పక్కకి దిగిన ట్యాంకు గొలుసులు మట్టిలో తిరుగుతూనే ఉంటాయి, ట్యాంకు మాత్రం ముందుకు పోదు. రైతుల పంట పోయింది. ఆ సంగతి యుద్ధ చరిత్రల్లో ఒక వాక్యానికి మించి కనిపించదు.

9వ తేదీ పాకిస్తాన్ సేబర్ విమానాలు వచ్చాయి. ట్యాంకులు మళ్లీ వచ్చాయి. హమీద్ మళ్లీ కొట్టాడు, మళ్లీ చోటు మార్చాడు. ఆ సాయంత్రానికి అతని పేరు పతకానికి సిఫారసు చేస్తూ కాగితం రాయడం కూడా అయిపోయిందని చెబుతారు. మీరు ఇప్పుడు అతని పక్కన కూర్చున్న ఈ ఉదయం నాటికి ఆ సంగతి అతనికి తెలుసో లేదో మనకెలా తెలుస్తుంది? తెలిసినా జీపు దిగి వంటపొయ్యి దగ్గరికి వెళ్లిపోయేవాడిలా అయితే లేడు.

*

ఎనిమిదింటికి ఫిరంగులు మొదలయ్యాయి.

గుండు మీదికొస్తున్నప్పుడు వినిపించేది ఈల కాదు. పాత గుడ్డని ఎవరో తలమీదుగా పర్రున చింపినట్టుంటుంది. తర్వాత నేల ఒక్కసారి ఎగిరిపడుతుంది. మీరు బోర్లా పడుకున్నారు. నోట్లోకి మట్టి వచ్చింది. కాలిన మందు వాసన, పచ్చి చెరకు తెగిన తియ్యటి వాసన ఒకేసారి ముక్కుకు తగులుతున్నాయి. పక్కన టెలిఫోన్ తీగ తెగి వేలాడుతోంది. ఎక్కడో ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నారు. జవాబు రావడం లేదు.

హమీద్ జీపులో వంగి కూర్చుని ఎదురుగా చూస్తున్నాడు. అతను చూస్తున్నది ట్యాంకుల్ని కాదు, అవి ఇంకా కనిపించవు. చెరకు కొసల్ని చూస్తున్నాడు. గాలికి కదిలితే తోటంతా ఒకే వైపు వంగుతుంది. ట్యాంకు కిందపడి నలుగుతుంటే ఒక చారలాగా, ముందు నుంచి వెనక్కి, వరుసగా కొసలు పడిపోతూ వస్తాయి. ఆ చార మీ వైపే వస్తోంది. దానికి కాస్త ఎడంగా ఇంకొకటి. దాని వెనక ఇంకొకటి.

ఒక రెజిమెంటు పాటన్లు ఈ ముక్క మీద విరుచుకుపడ్డాయి. తొమ్మిదయ్యేసరికి ముందున్న వాటిలో కొన్ని మన కందకాల్ని దాటి లోపలికి వచ్చేశాయి. కందకం మీదుగా ట్యాంకు పోతుంటే కింద ముడుచుకున్నవాడికి వెలుతురు పోతుంది, గట్టు విరిగి మీద పడుతుంది. అది దాటిపోయాక వాడు లేచి దాని వెనక వచ్చే పదాతి దళం మీద కాల్పులు జరపాలి. లేచినవాళ్లున్నారు. లేవనివాళ్లూ ఉన్నారు.

జీపు స్టార్టయింది. ఎదురుగా కొడితే లాభం లేదు. పాటన్ ముందు భాగంలోనే ఇనుము మందం, దాని ఫిరంగి ఉండేదీ అటే. పక్కకి పోవాలి. మీరు ఎలాగో వెనక చక్రం మీదికి ఎక్కి గొట్టం కింద ఉన్న ఇనుప కడ్డీని పట్టుకున్నారు. డ్రైవరు రోడ్డు మీదికి రాకుండా, చెరకుకీ పత్తికీ మధ్య గట్టు వెంబడి పోనిస్తున్నాడు. మెషిన్‌గన్ తూటాలు చెరకుని గడ ఎత్తున కోసుకుంటూ పోతున్నాయి. ముక్కలు మీ మీద పడుతున్నాయి.

ఆగింది. ఇక్కడ తోట కాస్త పలచగా ఉంది. ఆకుల సందుల్లోంచి ఒక పచ్చటి ఇనుప పక్క కనిపిస్తోంది. మొదట ట్యాంకు అనిపించదు. ఇంటి గోడేదో నడుస్తోందనిపిస్తుంది. తర్వాత చక్రాలు, గొలుసు, దానికి అంటుకున్న చెరకు ఆకులు కనిపిస్తాయి.

తూటా నింపేవాడు వెనక తలుపు మూసి పక్కకి తప్పుకుని హమీద్ భుజం మీద తట్టాడు. మీరు కూడా తప్పుకోండి. ఈ తుపాకి వెనక నిలబడ్డవాడు శత్రువు లేకుండానే చస్తాడు.

మీట లాగాడు. టక్‌మని చిన్న తుపాకి. ఇనుము మీద మెరుపు, చిటికెడు తెల్లటి పొగ. తగిలింది. మీట నొక్కాడు.

తర్వాతి క్షణం చెవులు పనిచేయవు. వెనక ఉన్న చెరకు లేదు. అక్కడ దుమ్ముగోడ ఉంది. ముందున్న ట్యాంకు కదలడం లేదు. దాని పక్క ఇనుముకి చిన్న రంధ్రం పడింది, అంతే. ఇంత పెద్ద యంత్రాన్ని ఆపడానికి అంత చిన్న రంధ్రం చాలా అనిపిస్తుంది. గుండు లోపల ఏం చేసిందో బయటికి కనిపించదు, కనిపించకపోవడమే మంచిది. లోపలున్న నలుగురూ ఎవరో తల్లుల బిడ్డలే. పై మూత తెరుచుకోలేదు.

జీపు అప్పుడే వెనక్కి తిరిగింది. దుమ్ముగోడ మీదికి మెషిన్‌గన్ తూటాలు వచ్చి పడుతున్నాయి. మనం అక్కడ లేం.

రెండో చోటు. రెండో పాటన్. ఈసారి అది కూడా జీపుని వెతుకుతోంది. ఫిరంగి గొట్టం నెమ్మదిగా తిరుగుతోంది, ఇటు కొంచెం, అటు కొంచెం. హమీద్ తొందరపడడు. చిన్న తుపాకి, మెరుపు, పెద్ద తుపాకి. ఈ ట్యాంకు మాత్రం మండింది. లోపలున్న మందుగుండు ఒకదాని తర్వాత ఒకటి అంటుకుంటూ మోత మీద మోత. నల్లటి పొగ తోట మీద కమ్మేసింది.

అప్పటికి మిగతా ట్యాంకులకి జీపు దొరికిపోయింది. సూత్రం ప్రకారం ఇప్పుడు కదలాలి. దూరంగా పోవాలి. తోట లోపలికి, పొగ చాటుకి. కానీ మూడో పాటన్ ఎదురుగానే ఉంది, ఆగకుండా లోపలికి పోతోంది. దాన్ని వదిలితే అది కందకాల వెనక్కి వెళ్తుంది. హమీద్ దాని మీదే కాల్పులు సాగించాడు. అటునుంచి మెషిన్‌గన్‌లు, పేలుడు గుండ్లు జీపు చుట్టూ పడుతున్నాయి. వాటిలో ఒకటి జీపుకి తగిలింది.

కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్ అబ్దుల్ హమీద్ అక్కడే చనిపోయాడు.

*

మీరు ఇంకాసేపు ఇక్కడే ఉండాలి. ఎందుకంటే యుద్ధం ఆగలేదు.

చెరకులో పొంచి ఉన్నది ఒక్క జీపే కాదు. మన ట్యాంకులు కూడా ఉన్నాయి. 3వ కేవల్రీ వాళ్ల సెంచూరియన్లు, డెక్కన్ హార్స్ వాళ్ల షెర్మన్లు. షెర్మన్లు రెండో ప్రపంచ యుద్ధం నాటివి, పాటన్ల ముందు ముసలివి. డెక్కన్ హార్స్ అంటే మనకు పరాయిది కాదు. నిజాం కాలంలో హైదరాబాద్ కంటింజెంట్‌గా ఉన్న గుర్రపు దళాల నుంచి పుట్టిన రెజిమెంటు అది. దక్కన్ పేరు మోసుకుంటూ వచ్చి ఆ రోజు పంజాబ్ చెరకులో దాక్కుంది. నాడా లోపలికి వచ్చిన పాటన్లని మూడు వైపుల నుంచీ కొట్టారు. బురదలో దిగబడ్డ వాటిని మనుషులు వదిలేసిపోయారు. ఆ రోజే పాకిస్తాన్ 1వ ఆర్మర్డ్ డివిజన్ ఫిరంగి దళాధిపతి బ్రిగేడియర్ షమీ కూడా మన కందకాల దగ్గరికి వచ్చి ప్రాణాలు కోల్పోయారు.

ఈ ఒక్క చోట పాకిస్తాన్ 97 ట్యాంకులు పోగొట్టుకుందని భారత సైన్యం లెక్క. ధ్వంసమైనవీ, దొరికినవీ కలిపి. దొరికినవాటిని తెచ్చి భిఖివిండ్ దగ్గర పొలంలో వరుసగా నిలబెట్టారు. జనం ఎడ్లబళ్ల మీద వచ్చి చూసిపోయేవారు. దానికి పాటన్ నగర్ అని పేరొచ్చింది. ఇక్కడ గనక దారి దొరికి ఉంటే పాకిస్తాన్ ట్యాంకులు బియాస్ వంతెన దాకా పోయేవి, అమృత్‌సర్ మిగతా దేశం నుంచి తెగిపోయేది. అయితే మొత్తం పంజాబ్ మనకే దక్కిందనుకోకండి. ఖేమ్ కరణ్ పట్టణం మాత్రం కాల్పుల విరమణ దాకా, ఆ తర్వాత తాష్కెంట్ ఒప్పందం దాకా వాళ్ల చేతిలోనే ఉండిపోయింది. గెలిచామని చెప్పే ఉపన్యాసాల్లో ఈ ముక్క రాదు.

సెప్టెంబరు 16న, అంటే చనిపోయిన ఆరు రోజులకే, హమీద్‌కి పరమవీర చక్ర ప్రకటించారు. ప్రశస్తి పత్రం 10వ తేదీ ఉదయం గురించి చెబుతుంది: ముందున్న ట్యాంకుని కొట్టాడు, చోటు మార్చి రెండోదాన్ని తగలబెట్టాడు, మరోదాని మీద కాలుస్తుండగా నేలకొరిగాడు. ముందు రెండు రోజుల లెక్క అందులో లేదు. అందుకే ఈ అరవయ్యేళ్లూ లెక్క మీద వాదన నడుస్తూనే ఉంది. నాలుగన్నవాళ్లున్నారు, ఏడన్నవాళ్లున్నారు, ఎనిమిదన్నవాళ్లూ ఉన్నారు. నన్నడిగితే ఈ వాదనలో పస లేదు. ఆ తుపాకిని ఒక్కసారి కాల్చడమంటే తన చోటు శత్రువుకి తానే చూపించడం. ఆ పని ఎన్నిసార్లు చేశాడన్నది లెక్కపెట్టండి, ఎన్ని ట్యాంకులు కాలాయన్నది తర్వాత చూసుకోవచ్చు.

ఇంకో వాదన మరీ చికాకు పెడుతుంది. హమీద్ పేరు ఎత్తగానే, ‘చూశారా, ముస్లిం అయినా దేశం కోసం ప్రాణమిచ్చాడు’ అంటారు. ఆ ‘అయినా’ ఎందుకు? ఘాజీపూర్ జిల్లా ధాముపూర్‌లో బట్టలు కుట్టే మహమ్మద్ ఉస్మాన్ కొడుకు. చిన్నప్పుడు కుస్తీ, కర్రసాము నేర్చాడు. తండ్రి కుట్టుమిషన్ ముందు కూర్చోబెడితే కుదురుగా కూర్చోలేదు. 1954 డిసెంబరులో సైన్యంలో చేరాడు. పదకొండేళ్లలో తన పని ఎవరికంటే బాగా నేర్చుకున్నాడు. ఆ ఉదయం అతను ఎవరికీ ఏమీ రుజువు చేయడానికి జీపెక్కలేదు. తుపాకి వచ్చినవాడు కాబట్టి ఎక్కాడు, కందకంలో తనవాళ్లున్నారు కాబట్టి దిగలేదు. పొగడడానికి అది చాలదా?

*

ఇప్పుడు మీరు ఢిల్లీలో ఉన్నారు. 1966 జనవరి 26, రాజ్‌పథ్. చలి, పొగమంచు.

దేశానికి ఇంకా మైల తీరనట్టే ఉంది. పదిహేను రోజుల కిందట తాష్కెంట్‌లో లాల్ బహదూర్ శాస్త్రి చనిపోయారు. ఇందిరాగాంధీ ప్రధానమంత్రిగా ప్రమాణం చేసి రెండు రోజులే అయింది. వేదిక మీద తెల్లటి తలపాగాతో పొడుగాటి మనిషి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. తిరుత్తణిలో తెలుగింట పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసినాయన.

ఎదురుగా ధాముపూర్ నుంచి వచ్చిన స్త్రీ నిలబడి ఉంది. తల నిండా కొంగు. పేరు రసూలన్ బీబీ, హమీద్ భార్య. ఊళ్లో పిల్లలున్నారు. ఇంత జనాన్ని, ఇన్ని గుర్రాల్ని ఆమె ఎప్పుడూ చూసి ఉండదు. ఎవరో ప్రశస్తి పత్రం ఇంగ్లీషులోనూ హిందీలోనూ చదువుతున్నారు. ఆమె మాట్లాడేది భోజ్‌పురి. ఆ పత్రంలో ఆమెకి బాగా తెలిసిన మాట ఒక్కటే, భర్త పేరు.

రాధాకృష్ణన్ ఆమె చేతిలో పెట్టిన పతకాన్ని మీరు కూడా చూడండి. కంచు బిళ్ల, పాత రూపాయి కంటే కాస్త పెద్దది. మధ్యలో మూడు సింహాల ముద్ర, దాని చుట్టూ నాలుగు వజ్రాయుధాలు. దధీచి వెన్నెముకతో ఇంద్రుడికి చేసిచ్చిన ఆయుధం అది. దీన్ని గీసినావిడ సావిత్రీ ఖానోల్కర్. స్విట్జర్లాండ్‌లో పుట్టి, మరాఠీ సైనికాధికారిని పెళ్లాడి, మన పురాణాల్ని మనకంటే శ్రద్ధగా చదువుకున్న మనిషి. ఊదారంగు రిబ్బను. బంగారం లేదు, వెండి లేదు.

1965 యుద్ధంలో ఈ పతకం ఇద్దరికే దక్కింది. రెండోది లెఫ్టినెంట్ కర్నల్ తారాపోర్‌కి. హమీద్‌కి పతకం ప్రకటించిన సెప్టెంబరు 16నే ఆయన సియాల్‌కోట్ వైపు యుద్ధంలో చనిపోయారు. పూనా హార్స్‌కి రాకముందు ఆయన పనిచేసింది హైదరాబాద్ సంస్థానం సైన్యంలో. మన దగ్గర ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

*

రసూలన్ బీబీ ఆ తర్వాత యాభై మూడేళ్లు బతికింది. భర్త పేరు మీద ఊళ్లో స్మారకం కట్టారు. 2000లో తపాలా బిళ్ల వచ్చింది. దూరదర్శన్‌లో చేతన్ ఆనంద్ తీసిన సీరియల్లో నసీరుద్దీన్ షా హమీద్ వేషం వేశాడు. 2017 సెప్టెంబరులో అప్పటి సైన్యాధిపతి జనరల్ బిపిన్ రావత్ ధాముపూర్ వెళ్లారు. 2019 ఆగస్టు 2న ఆమె చనిపోయింది. పరమవీర చక్ర గ్రహీత భార్యగా ఆమెను పిలిచిన సభలు చాలా ఉన్నాయి. మధ్యలోని ఏళ్లలో పిల్లల్ని ఎలా పెంచిందన్నది ఏ సభలోనూ ఎవరూ పెద్దగా అడిగినట్టు లేదు.

హమీద్‌ని అసల్ ఉత్తర్‌లోనే, పడిపోయిన నేలకి దగ్గర్లో సమాధి చేశారు. అక్కడే స్మారకం ఉంది. శత్రువు నుంచి పట్టుకున్న ఒక పాటన్ ట్యాంకు కూడా పెట్టారు. ఏటా సెప్టెంబరు 10న నివాళి జరుగుతుంది.

మన వాళ్లు అమృత్‌సర్ బాగానే వెళ్తారు. స్వర్ణ దేవాలయం, జలియన్‌వాలా బాగ్, సాయంత్రం వాఘాలో జెండా దించే తంతు చూసి రైలెక్కేస్తారు. ఈసారి ఇంకో పూట చేతిలో ఉంచుకోండి. అమృత్‌సర్ నుంచి దక్షిణంగా భిఖివిండ్ మీదుగా ఖేమ్ కరణ్ రోడ్డు పట్టుకుంటే అరవై కిలోమీటర్ల లోపే అసల్ ఉత్తర్ వస్తుంది. ట్యాంకు పక్కన నిలబడి ఫొటో దిగేముందు దాని పక్క ఇనుముని ఒకసారి చేత్తో తట్టి చూడండి, తర్వాత రోడ్డు మీద పోయే ఏదైనా జీపు వైపు చూడండి.